మిక్సీ పిండితో దీపం

మా ఇంట్లో మిక్సీ కొన్న సంగతి ఎవరితో చెప్పినా చివరికి ఒకటే మాట వస్తుంది: "ఏమన్నా అనమ్మా, రోటి పచ్చడి రుచి రాదు." ఈ మాట అన్నవాళ్ళలో రోజూ రోట్లో నూరినవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు. తిన్నవాళ్ళే తగిలారు. నూరినవాళ్ళు ఊరికే నవ్వి, భుజం ఒకసారి తడుముకుంటారు. నేను వాళ్ళ పక్షం. అప్పుడూ వాళ్ళ పక్షమే, ఇప్పుడూ వాళ్ళ పక్షమే.

డెబ్బైల్లో పుంగనూరు నుంచి మదనపల్లెకి కోడలిగా వచ్చాను. బడికి పోయినదాన్ని కాదు. మా నాయన వాకిట్లో ఇసక పరిచి, నా కుడిచేతి వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించాడు. దేవుడి పాటలు చూసి చదువుకునేంత చదువు అట్లా ఇంట్లోనే వచ్చింది. ఆ వేలు పట్టిన మనిషిని, ఆ వేలిని ఇచ్చిన దేవుణ్ణి తలుచుకోకుండా నేను ఏ రోజూ పొయ్యి వెలిగించలేదు.

మా అత్తగారిల్లు ఊరి అంచున ఉండేది. వెనక టమాటా చేను, దాని పక్కన చెనిక్కాయ, అదే వేరుశెనగ. తినడానికి లోటు లేదు, తినేవాళ్ళకీ లోటు లేదు. మామ, అత్త, మా ఆయన, ఇద్దరు మరుదులు, పిల్లలు, వచ్చే పోయే చుట్టాలు. వెనక వసారాలో దంచే రోలు, దాని పక్కన నేలకి పాతిన రుబ్బురోలు. దాని పొత్రం నూనె రాసిన విగ్రహంలా నల్లగా మెరిసేది. ఒక కాలు చాపుకుని కూర్చుని, కుడిచేత్తో పొత్రం తిప్పుతూ, ఎడమచేత్తో పప్పు లోపలికి తోస్తూ నేను ఎన్ని పూటలు గడిపానో లెక్క పెట్టుకోలేదు. రాత్రి సంగటిలోకి ఊరిబిండి కావాలి. అంటే వేయించిన చెనిగ్గింజలు, ఎండుమిరపకాయలు, చింతపండు వేసి బరకగా నూరిన పచ్చడి. దోసెలు పండక్కే అనుకునే కాలం పోయి, ఎనభైల్లోకి వచ్చేసరికి ఆదివారం ఆదివారం మరుదులకి దోసెలు కావాల్సొచ్చాయి. కాలం మారింది, బాగానే మారింది. కానీ ఆ మారిన కాలాన్నంతా తిప్పింది నా కుడిచెయ్యి.

ఆ చెయ్యి ఒక పెరటాసి శనివారం నాడు ఆగిపోయింది.

మా వైపు, అరవవాళ్ళ లెక్కన వచ్చే పెరటాసి నెల శనివారాలు ఏడుకొండలవాడివి. పిల్లలు నామం పెట్టిన చెంబు పట్టుకుని "గోవిందా" అంటూ ఇంటింటికీ పోయి బియ్యం అడుక్కొస్తారు. ఆ బియ్యం నానబెట్టి, తడి ఆరనిచ్చి, రోట్లో రోకలితో దంచి, జల్లించి, బెల్లం కలిపి ముద్ద చేస్తాం. ఆ ముద్దనే ప్రమిదలాగా గుంట చేసి, నెయ్యి పోసి, వత్తి వేసి వెలిగిస్తాం. అదే పిండి దీపం. దీపం కొండెక్కాక ఆ పిండే ప్రసాదం. వెలిగించగానే ఇంటిల్లిపాదీ రెండు చేతులూ తల మీదికి ఎత్తి గోవిందా అనాలి.

ఆ శనివారం నా ఎడమచెయ్యి తల మీదికి పోయింది. కుడిచెయ్యి రొమ్ము దగ్గరే నిలబడిపోయింది.

"ఏం మే, దేవుడికి ఒక చెయ్యేనా?" అంది అత్త.

"ఇంగో చెయ్యి రాలేదత్తా."

"యాల రాలేదు? మేము రుబ్బలేదా? మా చేతులు ఊడి యాడన్నా పడినాయా?"

ఆ రోజు పిండి కూడా అత్తే దంచింది, నా వల్ల కాక. ఆమె చేసిన దీపం నడుమ నెర్రె ఇచ్చి నెయ్యి కారిపోతే, "పిండిలో తడి ఎక్కువైపోయింది" అనుకుంటూ మళ్ళీ కలిపి వెలిగించింది. ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సింది కూడా ఏమీ లేదు.

తర్వాత డాక్టరు దగ్గరికి పోతే, ఆయన నా చెయ్యి పట్టుకుని పైకి లేపబోయి, నా మొహం చూసి వదిలేశాడు. భుజం బిగుసుకుపోయిందనీ, రుబ్బడం దంచడం పూర్తిగా మానేస్తే నెమ్మదిగా వదులుతుందనీ, మానకపోతే ఇంతేననీ చెప్పాడు. ఇంటికొచ్చే దారిలో నేను అన్నీ పక్కన పెట్టి ఒక్కటే కోరుకున్నాను. తల మీదికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాలి. దానికి రోలు వదలాలి. రోలు వదలాలంటే యంత్రం రావాలి.

మా ఇంట్లో డబ్బు పేచీ రాలేదు. ఆ ఏడు టమాటా దయ చూపింది. పేచీ అంతా ఏ యంత్రం అన్న దగ్గర వచ్చింది.

మా ఆయన నన్ను బజారులో ఒక అంగడికి తీసుకుపోయాడు. అంగడాయన సాయిబు, మర్యాదస్థుడు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక పెద్ద యంత్రం మీద గుడ్డ తీశాడు. కింద ఒకే మోటారు. దాని మీద చట్నీ గిన్నె పెట్టొచ్చు, అది తీసి రాళ్ళున్న గిన్నె పెడితే పిండి రుబ్బుతుంది, అది తీసి ఇంకొకటి పెడితే కొబ్బరి కోరుతుంది, ఇంకొకటి పెడితే చపాతీ పిండి కలుపుతుంది, పండ్ల రసం తీస్తుంది, కూరగాయలు తరుగుతుంది.

"సూడండమ్మా, ఇదొక్కటి ఉంటే ఇంగ అంతా ఖతం. రోలు లేదు, రోకలి లేదు, కత్తి లేదు" అని ఒక క్యారెట్టు దాంట్లో వేశాడు. క్యారెట్టు నారింజరంగు పొట్టుగా రాలింది.

మా ఆయన మొహం వెలిగిపోయింది. "ఇదే బాగుండాది. పది పనులు చేస్తాదంట."

"ఊరిబిండి చేస్తాదా?" అని అడిగాను.

అంగడాయన ఒక్క క్షణం ఆగాడు. "చెయ్యకుండా ఉంటాదామ్మా?"

"మేము క్యారెట్టు తినేవాళ్ళం కాదప్పా. మా ఇంటి పప్పు, మా ఇంటి గింజలు వేసి చూసి చెప్తాను."

"అమ్మా, ఇది రేడియో మాదిరి. తీసుకుపోయి పెట్టుకుంటే పాడతాది."

"పాడేదాన్ని నేనొకదాన్ని ఉండాను ఇంట్లో" అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. మా ఆయనకి మాత్రం నవ్వు రాలేదు. బయటికి రాగానే, "మగోళ్ళు మాట్లాడతాంటే నడమ నువ్వేంది?" అన్నాడు.

"రుబ్బేది నేను. ఎంచేది కూడా నేనే." అంత గట్టిగా నేను అంతకుముందు ఆయనతో మాట్లాడలేదు. మాట బయటికొచ్చాక నాకే ఆశ్చర్యమైంది. కానీ వెనక్కి తీసుకోలేదు.

ఇంట్లో అత్త ఇంకో మెలిక పెట్టింది. పుంగనూరులో మా అక్క ఇంట్లో అట్లాంటి పెద్ద యంత్రమే ఉంది, బెంగుళూరు నుంచి బావ తెచ్చింది. కుప్పంలో మా చిన్నమ్మ ఇంట్లో అరవదేశం నుంచి వచ్చిన పెద్ద గ్రైండరు ఉంది. రెండూ చూసొస్తానన్నాను. అత్త, "పో. కానీ మన పప్పుతోనే రుబ్బల్ల, మన బాయి నీళ్ళతోనే రుబ్బల్ల. వాళ్ళ పప్పు మంచిదైతే మిషను మంచిదని చెప్పి నన్ను ఏమార్చేస్తావు" అంది. పప్పు తన కళ్ళముందే నానెయ్యమంది. మెట్టపొలాల్లో ఎవరి బావి నీళ్ళు వాళ్ళకి అమృతం, పక్కవాళ్ళవి ఉప్పు. ఆమె మాటలో తప్పు పట్టడానికి లేదు.

అట్లా ఒక మండుటెండల రోజు, నానిన ఉద్దిపప్పు, అదే మినప్పప్పు, స్టీలు డబ్బాలో, బావి నీళ్ళు సీసాలో, వేయించిన చెనిగ్గింజలు చిన్న మూటలో పెట్టుకుని ఎర్రబస్సు ఎక్కాను. కండక్టరు నా ఒళ్ళోకి వంగి చూశాడు.

"ఆ సీసా ఏందమ్మా, గంగా తీర్థమా?"

"మా బాయి నీళ్ళప్పా."

"యాల? పుంగనూరులో నీళ్ళు లేవా?"

"ఉండాయి. మా అత్త లేదు ఆడ."

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మా అక్క యంత్రం వాళ్ళ ముందుగదిలో బల్ల మీద ఉంది. దాని మీద దారంతో అల్లిన గుడ్డ, దాని ముందు ప్లాస్టిక్ పూలు. దాని గిన్నెలూ చక్రాలూ పెట్టెలోనే సర్ది ఉన్నాయి.

"దీంట్లో రుబ్బతావా అక్కా?"

"పోవే. రుబ్బేది వెనకనే" అని రోలు వైపు చూపించింది. "ఇది చుట్టాలకి. చట్నీ చెయ్యాలంటే ఆ గిన్నె కడగల్ల, ఆ చక్రం కడగల్ల, ఆ రబ్బరు కింద ఇరుక్కున్న పప్పు పుల్లతో తియ్యల్ల. మీ బావ వచ్చినప్పుడు ఒకసారి తిప్పి, ఆహా అంటాను."

అయినా బలవంతంగా విప్పించాను. పప్పులో సగం వేశాం. పిండి బాగానే మెదిగింది, అబద్ధమెందుకు. కానీ రాళ్ళ గిన్నె తీసి చట్నీ గిన్నె పెట్టాలంటే ఒక చేత్తో మోటారు అదిమి పట్టుకుని, ఇంకో చేత్తో గట్టిగా మర తిప్పాలి. నా కుడిచెయ్యి ఆ మరతో పోట్లాడి ఓడిపోయింది. అక్కే తిప్పింది. పది పనులు చేసే ఆ యంత్రం ప్రతి పనికీ నడుమ నన్నొక పని చెయ్యమంటుంది, అదీ రెండు చేతులతో. అక్కడే దానికి మనసులో దండం పెట్టి వదిలేశాను. చుట్టాలకి చూపించే వస్తువుకి నా ఇంట్లో చోటు లేదు. చుట్టాలొస్తే నాకు కావాల్సింది పచ్చడి.

మర్నాడు పొద్దున్నే పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సెక్కాను. మిగిలిన పప్పు డబ్బాలోనే ఉంది. ఎండ ముదిరేసరికి ఆ డబ్బా మూత తనంతట తానే లేచి, తెల్లటి నురగ నా చీర మీదికి దిగింది. అత్త మాట పట్టుకుని నానిన పప్పుని మూడు ఊళ్ళు తిప్పాలనుకున్న తెలివి మాదే, ఇంకెవరికీ రాదు. కుప్పంలో చిన్నమ్మ మూత తీసి, ముక్కు మూసుకుంది.

"ఏంది పాపా ఇది? ఇడ్లీకి తెస్తివా, ఎద్దులకి తెస్తివా?"

ఆ పప్పు నిజంగానే కుడితి తొట్లోకి పోయింది. చిన్నమ్మ తన పప్పే వేసింది. ఆమె గ్రైండరు వంటింట్లో సగం చోటు తినేసింది. స్విచ్చి వేస్తే గోడ మీది దేవుడి పటం కూడా ఊగింది. కానీ పిండి! వెన్న. చల్లగా, తెల్లగా, వేళ్ళ మధ్య నిలబడే పిండి. నేను జన్మలో అట్లా రుబ్బలేదు, మా అత్తా రుబ్బలేదు. ఈ మాట అత్త ముందే అన్నాను తర్వాత.

"మావు ఎట్లుండాది సూడు" అని పిండిని చూపిస్తూ చిన్నమ్మ మురిసిపోయింది. "ఈదిలో అందరూ ఈడికే తెస్తారు పప్పు. ఆయమ్మది, ఈయమ్మది. ముందర నేను రాయిని తిప్పతా ఉంటిని, ఇప్పుడు రాయి నన్ను తిప్పతాండాది."

"ఊరిబిండి చేస్తాదా చిన్నమ్మా?"

"దానికి గుప్పెడు గింజలు వేస్తే యాడుండాయో కూడా కనపడవు పాపా. దానికి పడి నిండా కొలిచి వెయ్యల్ల. పొడి పిండి పట్టదు, మిరప్పొడి పట్టదు. దానికి తెలిసింది ఒకటే పని, ఆ పనిలో అది మారాణి."

పిండి తియ్యడానికి రాయి పైకెత్తాలి. "ఎత్తు పాపా" అంది. రెండు చేతులూ వేశాను. రాయి కదల్లేదు, భుజంలో మాత్రం నిప్పు కదిలింది. కళ్ళు తుడుచుకుని, చిన్నమ్మ చేసిన ఇడ్లీలు కడుపునిండా తిని, ఆమెకీ ఆమె రాయికీ మనసారా దండం పెట్టి మదనపల్లె బస్సెక్కాను.

తిరిగొచ్చాక ఇంటికి కూడా పోలేదు. మా ఆయన బస్టాండుకి వస్తే నేరుగా అంగడికే నడిచాను.

"రండమ్మా. పెద్దది కట్టించేదా?" అన్నాడు అంగడాయన.

"వద్దప్పా. పది పనులు నాకు ఇంట్లోనే ఉండాయి. దాన్ని కడిగేది పదకొండోది. ఆ మూల ఉండేది చూపించు."

మూలన ఉన్నది మామూలు మిక్సీ. ఒక మోటారు, మూడు గిన్నెలు, పెద్దది, నడిమిది, చిన్నది. దాని మొహానికి గొప్ప ఏమీ లేదు. చిన్న గిన్నెలో నా మూటలోని చెనిగ్గింజలు పోసి, ఆయన ఇంట్లో నుంచి తెప్పించిన ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు వేశాను. ఎడమచేత్తో గిన్నె కూర్చోబెట్టి ఒక తిప్పు తిప్పితే అది పట్టుకుంది. ఎడమచేత్తోనే మీట నొక్కాను. కుడిచెయ్యి ఒళ్ళోనే పెట్టుకున్నాను, నిద్రపోతున్న బిడ్డని పెట్టుకున్నట్టు. ఒక్కసారిగా తిప్పలేదు. కొంచెం తిప్పి ఆపాను, కొంచెం తిప్పి ఆపాను. ఊరిబిండి ముద్ద కాకూడదు, పంటికింద తగలాలి. మూత తీసి అంగడాయన చేతిలో కొంచెం పెట్టాను.

ఆయన నాకి, "మా ఇంట్లో ఎవురూ ఇట్ల చెయ్యలేదమ్మా ఇంతవరకు. ఇన్ని దినాలుగా దీన్ని అమ్ముతాండేది నేనే" అన్నాడు.

మా ఆయన ఇంకా పెద్దదాని వైపే చూస్తున్నాడు. "ఇంత చిన్నదా? ఎవురన్నా ఇంటికొస్తే ఏమనుకుంటారు?"

"వచ్చేవాళ్ళు రుబ్బి పోతారా?"

మా ఆయన ఆ ఊరిబిండి రెండోసారి వేలికి అద్దుకున్నాడు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. మిక్సీ నా ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో ఇంటికొచ్చాను.

అత్త వాకిట్లోనే ఆపింది. లోగడ పంపు స్టవ్వుని కూడా ఆమె అట్లాగే ఆపింది, దాని పంపులో తోలు ఉంటుందని.

"దీంట్లో తోలు ఉండాదా?"

"లేదత్తా. రబ్బరు."

"రబ్బరు దేంట్లోనుంచి వస్తాది?"

"చెట్టు పాలల్లోనుంచి."

కొంచెంసేపు ఆలోచించింది. "సరే. మరి కరెంటు? ఆ తీగ యాడాడ తిరిగి వస్తాదో, ఎవురెవురి ఇండ్లల్లో దూరి వస్తాదో! దానికి మడి ఎట్ల?"

"దేవుడింట్లో బల్బు ఆ తీగ మీదనే కదత్తా వెలిగేది. దాన్ని తీసేద్దామా?"

మామ మెతకమనిషి. మంచం మీద దగ్గినట్టు నవ్వాడు. అత్త ఆయన వైపు ఒక చూపు చూసి, "ఇంటికి ఏమన్నా చేసుకో. దేవుడి పిండి మాత్రం రోట్లోనే" అని లోపలికి పోయింది.

ఆ వేసవి, ఆ వానలు అట్లా గడిచాయి. మిక్సీ దోసెపిండి చిన్నమ్మ గ్రైండరంత బాగా రుబ్బదు. పిండి వేడెక్కుతుంది, దోసె కొంచెం గట్టిగా వస్తుంది. మరుదులు ఒకటి తక్కువ తినలేదు. మిరప్పొడి, ధనియాలపొడి, ఊరిబిండి, మసాలా, అన్నిటికీ అదే. మూడే గిన్నెలు, మూడూ ఒక చేత్తో కడగొచ్చు. ఎవరైనా నన్ను ఏ యంత్రం కొనాలని అడిగితే ఇప్పటికీ ఒకటే చెబుతాను. అది ఎన్ని పనులు చేస్తుందని అడగొద్దు, నీ చేత ఎన్ని పనులు చేయిస్తుందని అడుగు. నీ ఒంట్లో ఏ చోటు నొప్పిగా ఉందో ఆ చోటుతో దాన్ని పట్టి చూడు.

నా భుజం నెలకింత వదులైంది. మొదట మెడ వెనక కొప్పు ముడి చేతికి అందింది.

పెరటాసి మళ్ళీ వచ్చింది. అత్త మోకాళ్ళు అప్పటికి మొరాయించాయి, ఆమె రోకలి పట్టలేదు. పట్టాల్సింది నేను. ముందురోజు సాయంత్రం, బియ్యం నానబెడుతుంటే చెప్పాను. రేపు దీపం పిండి మిక్సీలోనే పడతానని.

అత్త, "సరే, పందెం. దీపం నిలిస్తే నీ మిషను ఇంట్లో ఉండనీ. పగిలిందా, అది అంగడికి, నువ్వు రోటికాడికి. ఆ ఏడుకొండలవాడే చెప్తాడు" అంది.

మా ఆయనకి ఇది బాగా నచ్చినట్టుంది. "ఇది న్యాయంగా ఉండాది" అన్నాడు.

నాకు నచ్చలేదు. ఆ ఏడుకొండలవాణ్ణి నేను చిన్నప్పటినుంచి కొలుస్తున్నాను. నా కడుపు నింపినవాడు, నా బిడ్డల్ని ఇచ్చినవాడు, ఒళ్ళో నిద్రపోయే నా చెయ్యిని నెమ్మదిగా లేపుతున్నవాడు. అత్తాకోడళ్ళ గొడవలో ఆయన్ని పంచాయతీకి పిలవడమా?

"పందెం కట్టనత్తా. ఆయనకి వేరే పనులుండాయి. దీపం నిలిస్తే నువ్వు ఒప్పుకోవల్లని నేను అడగను. పగిలితే నేను రోటికాడికి పోను. రెండూ ఇప్పుడే చెప్తాండాను."

"అంత పొగరా మే?"

"పొగరో, నొప్పో. నాకు రెండు చేతులెత్తి దండం పెట్టుకోవల్లని ఉండాది. అంతే."

శనివారం తలస్నానం చేసి, తడిచీరతో, మిక్సీ గిన్నె పసుపునీళ్ళతో కడిగి, దానికి బొట్టు పెట్టాను. రోటికి కూడా పసుపు రాసి బొట్టు పెట్టాను. అది ఇన్నేళ్ళు మాకు అన్నం పెట్టింది, దాని మీద నాకు కోపం లేదు. మిక్సీ స్విచ్చి వేస్తే ఓల్టేజి చాలక అది మూలిగింది. ఆపి, మళ్ళీ వేశాను. ఏటా రోకళ్ళ చప్పుడుతో మా ఇంట్లో దీపం చేస్తున్నారని వీధికి తెలిసేది. గోడవతల పొరుగింటామె తల ఎత్తింది.

"ఏమక్కా, ఈ తూరి దంచే సద్దు లేదే? ఏదో మూలగతాండాది మీ ఇంట్లో!"

"మా కోడలు విమానం ఎక్కిందిలే" అంది అత్త.

పిండి జల్లించాను. మెత్తగా ఉంది, వెచ్చగా కూడా ఉంది. ఆ వెచ్చదనం చేతికి తెలిసింది కానీ దాని సంగతి నేను ఆలోచించలేదు. బెల్లం వేసి కలిపితే కొంచెం జారుగా అనిపించింది. గుంట చేసి, పీట మీద పెట్టి, నెయ్యి పోసి, వత్తి వెలిగించాను. అందరూ నిలబడ్డారు. దీపం కాసేపు నిటారుగా వెలిగింది. తర్వాత ఒక పక్క మెల్లగా కుంగి, సన్నటి నెర్రె ఇచ్చి, నెయ్యి పీట మీదికి కారింది.

"సూస్తివా?" అంది అత్త. గట్టిగా అనలేదు. ఆ మెత్తదనమే నాకు ఎక్కువ తగిలింది. మా ఆయన మిక్సీ వైపు చూశాడు, అప్పుడే దాన్ని అట్టపెట్టెలో కట్టేస్తున్నట్టు.

నేను పక్కన మిగిలిన పిండిలోనుంచి ఒక చిటికెడు తీసి నెర్రె మీద అద్దాను. వేలు తడిచేసి నున్నగా రాశాను, మా నాయన దిద్దించిన వేలే. నెయ్యి మళ్ళీ పోశాను. వత్తి ఆరలేదు. దీపం లేచి నిలబడింది.

"పగిలిందత్తా. పోయినేడు నువ్వు దంచిన పిండి దీపం కూడా పగిలింది. అప్పుడు తడి ఎక్కువైందంటివి. రోకలిని తీసి వీధిలో పారెయ్యలేదే?"

మామే ముందుగా తేరుకున్నాడు. "నిజమే కదే" అని అత్తతో అని, ఆమె చూపు తగలకముందే రెండు చేతులూ ఎత్తి, "గోవిందా!" అన్నాడు.

"గోవిందా!" అని పిల్లలు అరిచారు. నేనూ ఎత్తాను. ఎడమచెయ్యి తల మీదికి పోయింది. కుడిచెయ్యి రొమ్ము దాటింది, మెడ దాటింది, చెవి దగ్గర ఆగింది. కళ్ళు మూసుకుని అక్కడే ఉంచాను. కళ్ళు తెరిస్తే అత్త దీపాన్ని చూడడం లేదు. నా చెయ్యి ఎంతవరకు వచ్చిందో చూస్తోంది.

ప్రసాదం ఆమె అందరితో పాటే తినింది. బాగుందని అనలేదు. నేను అడగనన్నాను కాబట్టి అడగలేదు.

రెండో శనివారం నేను పిండి జల్లించి బెల్లం చేతిలోకి తీసుకుంటుంటే, మోకాలు పట్టుకుని వంటింటి గడప దగ్గరికి వచ్చింది.

"ఆగు మే. ఉడుకు పిండిలో బెల్లం వేస్తే నీళ్ళైపోదా? గుడ్డ మీద పరిచి ఆరనియ్యి. రోకలి పిండి ఆరే ఉంటాది, దీనిది ఆరదు. నీకు మిషను తెలుసు గానీ పిండి తెల్దు."

"తెల్దత్తా. చెప్పు, చేస్తాను."

గుడ్డ పరిచింది ఆమే. పిండి చల్లారేదాకా మేమిద్దరం దాని పక్కనే కూర్చున్నాం. వసారాలో రోలు ఖాళీగా ఉంది. కొంచెంసేపటికి అత్త నా భుజం మీద చెయ్యి వేసి, గట్టిగా నొక్కి చూసి, "ఈడనేనా?" అంది.

"ఇంగ కొంచెం కిందికి" అన్నాను.